చూపుల డాక్టరు

మా కోడలు డాక్టరు. నలుగురిలో నేను గొప్పగా చెప్పుకునే మాట ఇది. నలుగురూ వెళ్లిపోయాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఇక్కడ అది ఎవరినీ ముట్టుకోకూడని డాక్టరు.

మేం ఇప్పుడున్న దేశం వేరు, అది చదువుకున్న దేశం వేరు. అక్కడ ఒక ఆసుపత్రిలో కిడ్నీల వార్డు మొత్తం దాని చేతి మీద నడిచింది. ఇక్కడికి వచ్చాక ఆ చదువు సగమే చెల్లింది. పరీక్షలు మళ్లీ రాసింది, పాసయింది. అయినా ఇక్కడ డాక్టరుగా శిక్షణలో చేరాలంటే, ఇక్కడి పెద్ద డాక్టరు ఎవరైనా "ఈమెను నేను దగ్గరుండి చూశాను, పనికొస్తుంది" అనాలట. ఆ మాట అనిపించుకోవడానికి కొన్నాళ్లు ఆయన వెనకాల తిరగాలి. దానికి అబ్జర్వర్‌షిప్ అని పేరు. పేరుకు తగ్గట్టే చూడడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు. రోగిని తాకకూడదు, మందు చెప్పకూడదు, అడిగితే తప్ప నోరు విప్పకూడదు. అందుకే నేను దానికి చూపుల డాక్టరని పేరు పెట్టాను. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత్తర్వాత తనే తలుపు కొట్టి "చూపుల డాక్టరు వచ్చింది, తియ్యండి అత్తయ్యా" అనడం మొదలుపెట్టింది.

నవ్వుతూ అనేది గానీ, ఆ నవ్వు వెనకాల ఏముందో నాకు తెలియదా? దానికంటే ముందు ఇంకో అబ్జర్వర్ ఉండేవాడట. ఒక ముసలాయన ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం జారిపోతే చెయ్యి ఊరుకోక సరిచేశాడట. మర్నాటి నుంచి అతన్ని రావద్దన్నారు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి మా కోడలు వార్డులో చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకుని నిలబడేది. ఇంటికొచ్చేసరికి మణికట్టు మీద వేళ్ల గుర్తులు కనిపించేవి.

అలా రోజంతా కట్టేసుకున్న చేతులు ఇంటికొస్తే ఊరుకుంటాయా? సంచి మూల పడేసి, చేతులు కడుక్కుని, ఎవరు దొరికితే వాళ్ల కాలు పట్టుకునేది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, కాసేపు అలాగే ఉంచి తీస్తుంది. కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యక ఒంట్లో నీరు చేరితే అక్కడ గుంట పడుతుందట. మా వాడు గోదాములో షిఫ్టు చేసి వచ్చేసరికి వాడి కాలు, పంచదార అడగడానికి వచ్చిన పై అంతస్తు ఆవిడ కాలు, ఆఖరికి మా మనవరాలు బుడంకాయ కాలు కూడా నొక్కేది. "ఈ ఇంట్లో మంచినీళ్ల కంటే ముందు కాలు అడుగుతున్నారు" అనేవాడు మా వాడు.

అందరికంటే మంచి రోగిని నేనే. సాయంత్రం సోఫాలో కూర్చుని కాలు చాపేదాన్ని. "వాడుకో తల్లీ, ఊరికే పడున్న కాలే. నీ చెయ్యి తుప్పు పట్టకుండా ఉంటే చాలు" అనేదాన్ని. అది కింద చాప మీద కూర్చుని, బొటనవేలు ఆనించి, ఆ రోజు వార్డులో చూసినవన్నీ చెప్పేది. ఆ వేలు వెచ్చగా ఉండేది. "గుంట లేదు. ఫస్ట్ క్లాసు కాళ్లు అత్తయ్యా" అని తేల్చేది. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన వేళ అదే. మా ఆయన పోయాక నన్ను అంత శ్రద్ధగా పట్టుకుని కూర్చున్నవాళ్లు లేరు.

ఇక నా మోకాళ్ల సంగతి. మాది లిఫ్టు లేని ఇల్లు. బుడంకాయను బడి నుంచి తీసుకురావడం నా పని. అది మొదటి మలుపు దాకా బుద్ధిగా ఎక్కి, అక్కణ్నుంచి "నానమ్మా, ఎత్తుకో" అని చేతులు చాపుతుంది. ఎత్తుకోకపోతే మెట్ల మీదే బైఠాయిస్తుంది. నా మోకాళ్లు మొదట మూలిగాయి, తర్వాత ఏడ్చాయి. కోడలితో చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అబ్జర్వర్‌షిప్ మానేసి ఇంట్లో కూర్చుంటుంది. అందుకని వీధి చివర మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని, పాత స్వెట్టరు జేబులో దాచి, పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాను. నొప్పి తగ్గకపోతే ఇంకొకటి. నొప్పి మాత్రలు కిడ్నీలకు శత్రువులని అన్నం దగ్గర అది ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. డాక్టర్లు ప్రతిదానికీ భయపెడతారులే అనుకున్నాను.

ఒక రోజు మేజోళ్లు తీస్తే కాలి చుట్టూ తాడు కట్టి విప్పినంత గాడి కనిపించింది. నేనే బొటనవేలితో నొక్కి చూసుకున్నాను. గుంట పడింది. పడ్డది పూడలేదు. 

అప్పటికి దాని అబ్జర్వర్‌షిప్ ఆఖరి వారంలో పడింది. ఈ ఒక్క వారం గడిస్తే పెద్ద డాక్టరు మాట చెబుతాడు. ఆ వారం గడిచేదాకా నోరు మూసుకుందామని ఒట్టేసుకున్నాను. సాయంత్రం అది చాప మీద కూర్చోగానే "చలిగా ఉందే అమ్మాయ్, మేజోళ్లు తియ్యను" అని కాలు వెనక్కి లాక్కున్నాను. మర్నాడూ అంతే. అది చాప చుట్టి గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయింది. నేను విసుక్కున్నాననుకుందని దాని నడకలోనే తెలిసింది. లేచి వెళ్లి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

దాచితే దాగేవి కావుగా కిడ్నీలు. రెండు రోజులకు ముఖం ఉబ్బింది, అన్నం సయించలేదు, మెట్లు ఎక్కుతుంటే ఆయాసంతో కళ్లు బైర్లు కమ్మాయి. మా వాడు సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మాకు దగ్గర్లో ఉన్నది ఒకటే ఆసుపత్రి, మా కోడలు తిరిగేది అందులోనే. రక్తం తీశారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగా ఎక్కువగా ఉందన్నారు, మంచం ఇచ్చారు. కోడలు పై అంతస్తు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి నేను పెట్టిన షరతు ఒక్కటే.

"రేపు మీ పెద్దాయన నన్ను చూడ్డానికి వస్తాడు, వెనకాల నువ్వూ వస్తావు. మనిద్దరం ఒకరికొకరం తెలియదు, సరేనా?"

"అదేం మాట అత్తయ్యా! పొద్దున్నే ఆయనకు చెప్పేస్తాను."

"చెబితే నిన్ను పక్కన పెడతారు. ఆఖరి రోజుల్లో నా మూలంగా నీ కష్టం మట్టిలో కలిస్తే నేను తిన్నది అరగదు."

అది కళ్లు తుడుచుకుని బుడంకాయ కోసం ఇంటికి వెళ్లింది. సరే అనలేదు, కాదనీ అనలేదు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చాడు. మేం ఇంట్లో ఆయన్ని రైలుబండి అంటాం. నడకే పరుగు, ఆగాల్సిన చోట తప్ప ఆగడు. ఆ పరుగు వల్లే మా కోడలు ముందుగా చెప్పాలనుకున్నా చెప్పలేకపోయిందని నాకు తర్వాత తెలిసింది. ఆయన పక్కన జూనియర్ డాక్టరు, పొడుగ్గా ఉండే అమ్మాయి. అందరి వెనకాల, కిటికీ పక్కన, మా కోడలు. చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. ఇంట్లో దాని నోట ఎన్నోసార్లు విన్నానే గానీ, అది అలా నిలబడడం కళ్లతో చూడడం అదే మొదటిసారి. వార్డు నడిపిన పిల్ల, తప్పు చేసి నిలబెట్టినట్టు నిలబడింది. 

వాళ్ల భాష నాకు కూరగాయలు కొనేంత వరకే వచ్చు. అందుకని చక్రాల స్టాండు మీద ఒక ఫోను తెచ్చి మంచం పక్కన పెట్టారు. అందులోంచి ఒకమ్మాయి తెలుగులో పలకరించింది.

"నమస్కారమండీ. మీరు చెప్పింది డాక్టర్లకి, వాళ్లు చెప్పింది మీకు నేను చెబుతాను. ఏదీ దాచను, ఏదీ కలపను."

"గొంతు తేనెలా ఉంది. పెళ్లయిందో లేదో ఈ పిల్లకి" అనుకున్నాను, కాస్త పైకే.

ఫోను రెండు క్షణాలు ఆగి, వాళ్ల భాషలో ఏదో చెప్పింది. పొడుగు పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అమ్మా, మీ నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా వాళ్లకి చెప్పాలండీ. మా రూలు" అంది ఫోను పిల్ల. ఈ ఊళ్లో రూలు లేని మనిషి లేనట్టుంది.

పొడుగు పిల్ల ప్రశ్నలు మొదలుపెట్టింది. షుగరుందా, లేదు. మూత్రంలో నురగ వస్తోందా, వస్తోంది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది.

"నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా?"

కిటికీ పక్కన అది నిలబడి ఉండగా ఎలా చెప్పను? నేను ఎవరి కోసం, ఎందుకోసం మింగానో దానికి చిటికెలో అర్థమైపోతుంది. జన్మంతా తన వల్లే అనుకుంటుంది.

"లేదమ్మా, అలాంటివేమీ నేను ముట్టను" అన్నాను.

రైలుబండి నా రెండు కాళ్లూ నొక్కి చూశాడు. చల్లటి వేలు. తర్వాత ఫోను వైపు తిరిగి మాట్లాడాడు. ఫోను పిల్ల నెమ్మదిగా చెప్పింది: "మీ కిడ్నీలు ఉన్నట్టుండి ఇలా మొరాయించడానికి కారణం కనిపించడం లేదు. నడుము వెనక నుంచి సూది పంపి, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి. మీకు రక్తపోటు ఎక్కువగా ఉంది కాబట్టి లోపల రక్తం కారే ప్రమాదం కొంచెం ఉంది. ఈ రోజే చేద్దామనుకుంటున్నాం."

నేను కోడలి వైపు చూశాను. దాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు విడివడ్డాయి. వెనక ఉన్న చేతులు వదులై ముందుకొచ్చాయి. కుడి కాలు కదిలింది. దానికి తెలిసిపోయింది! ఎలాగో తెలిసిపోయింది. అందరి ముందూ ఇప్పుడు నోరు విప్పబోతోంది. సూది సంగతి, రక్తం సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయాయి. ఆక్సిజన్ గొట్టం సరిచేసినవాడు ఒక్కడే కళ్ల ముందు కనిపించాడు.

"ఒసేయ్ అమ్మాయ్, అక్కడే ఆగు!" అని అరిచాను. "అడుగు ముందుకేశావంటే నా మీద ఒట్టే. ఇన్నాళ్లు నిలబడ్డ కష్టాన్ని బూడిదలో పోసుకుంటావా? చేతులు వెనక్కి పెట్టుకో. మాత్రల సంగతి నేనే చెప్పి చస్తాను."

అన్నాక గుర్తొచ్చింది నాకు ఫోను. నాలుక కరుచుకున్నాను. ఫోను పిల్ల కూడా గుటక వేసినట్టే వినిపించింది. పాపం, దానికి మాత్రం దారేముంది? ఒక్క ముక్క వదలకుండా అంతా వాళ్ల భాషలో అప్పజెప్పింది. అందరూ వెనక్కి తిరిగి మా కోడలి వైపు చూశారు.

ఇక దాచడానికి ఏముంది? మోకాళ్లు, మెట్లు, స్వెట్టరు జేబు, అన్నీ చెప్పేశాను. పొడుగు పిల్ల గబగబా రాసుకుంది. రైలుబండి మాత్రం నా వైపు చూడడం లేదు. మా కోడలిని ఏదో అడిగాడు. మా కోడలు వాళ్ల భాషలోనే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. రూలు రూలే కదా, ఫోను పిల్ల అది కూడా నాకు తెలుగులో అందించింది. సొంత కోడలి మాట పరాయి గొంతులో విన్నాను.

"ఆమె నా భర్త తల్లి. ముందే మీకు చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను. తప్పు నాదే. ఆమె స్వెట్టరు తెద్దామని ఈ పొద్దున తీస్తే జేబులో ఖాళీ మాత్రల అట్టలు ఉన్నాయి. రోజూ సాయంత్రం నేను ఆమె కాళ్లు చూసేదాన్ని. నాలుగైదు రోజులుగా చూడనివ్వలేదు. నా మీద విసుగొచ్చిందనుకున్నాను, అడగలేదు. ఊళ్లో రోగులందరి గురించి చదువుతున్నాను, ఇంట్లో మోకాళ్లు అరిగిపోతుంటే చూడలేదు. అమ్మ పోయాక నాకు..."

అక్కడ ఫోను పిల్ల గొంతు బొంగురుపోయింది. "క్షమించండి" అని, గొంతు సవరించుకుని పూర్తి చేసింది. "అమ్మ పోయాక నాకు ఉన్న అమ్మ ఈమే."

నేను పైకప్పు వైపు చూశాను. కళ్లలో నీళ్లు కిందకి జారకుండా ఉండడానికి.

రైలుబండి మా కోడలి వైపు పూర్తిగా తిరిగాడు. తర్వాత "అయితే ఈ మంచం దగ్గర మీరు అబ్జర్వర్‌గా ఉండకూడదు" అన్నాడు. ఫోనులో ఆ మాట వినగానే నా ప్రాణం ఉసూరుమంది. నా నోరే కొంప ముంచింది అనుకున్నాను. ఆయన ఇంకా ఆపలేదు. "ఈమె విషయంలో మీరు ఇంటి మనిషి. ఇంటివాళ్లను అడిగే పద్ధతి మాకు ఉంది. చెప్పండి, ఈ రోజు సూది వెయ్యమంటారా?"

మా కోడలు కిటికీ దగ్గర్నుంచి కదిలి మంచం పక్కకు వచ్చింది. చేతులు పక్కకు దిగాయి. చెప్పడం మొదలుపెట్టాక అది వెతుక్కోలేదు, తడబడలేదు. ఆ మాత్రలు ఈ క్షణం నుంచే ఆపాలి. రక్తపోటుకు మందిచ్చి, ఒంట్లో నీరు లాగాలి. రక్తం రోజూ చూడాలి. తగ్గుముఖం పడితే సూది అక్కర్లేదు, పట్టకపోతే అప్పుడు రక్తపోటు దిగి ఉంటుంది కాబట్టి భయం తక్కువ. ఫోను పిల్ల వెనకబడిపోయి "కొంచెం నెమ్మదిగా అండీ" అని బతిమాలుకుంది. తన వార్డులో ఇది ఇలాగే మాట్లాడేది కాబోలు. నేను చూడలేదు కదా, ఇప్పుడు చూశాను.

"అలాగే చేద్దాం" అన్నాడు రైలుబండి పొడుగు పిల్లతో. మా కోడలితో "రోగిని చూడ్డానికి వచ్చేవాళ్లకు సాయంత్రం తలుపులు తీస్తారు. అప్పుడు రండి" అని పక్క మంచానికి వెళ్లిపోయాడు. అది తల వంచుకుని బయటికి నడిచింది. వెళ్తూ నన్ను తాకలేదు. మెడలో అబ్జర్వర్ కార్డు ఇంకా ఉందిగా.

పగలంతా నాకు ఆ ఒక్కటే దిగులు. ఆయన ఈ మంచం దగ్గర్నుంచి మాత్రమే పొమ్మన్నాడా, మొత్తానికే పొమ్మన్నాడా?

సాయంత్రం తలుపులు తీశారు. పండ్లు పట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు లోపలికి వచ్చారు. ఆ వరసలో మా కోడలు కూడా వచ్చింది. మెడలో కార్డు లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ గేటు దగ్గర అంటించే కాగితం చీటీ దాని భుజం మీద కూడా ఉంది. ఈ ఆసుపత్రిలో ఇన్నాళ్లుగా తిరుగుతూ, మొదటిసారి మామూలు మనిషిలా వచ్చింది.

"తిడతావా?" అన్నాను.

"తిడతాను. ముందు కాలు ఇలా ఇవ్వండి."

మంచం చివర కూర్చుని నా ఎడమ కాలు ఒళ్లో పెట్టుకుంది. మేజోడు తీసింది. "మీరు అబద్ధం చెప్పేటప్పుడు గోరు గిల్లుకుంటారు, తెలుసా? ఇంకెప్పుడైనా నా దగ్గర మాత్రలు దాచారంటే..." అని మొదలుపెట్టి, మాట పూర్తి చెయ్యకుండా బొటనవేలు ఎముక మీద ఆనించింది. వెచ్చటి వేలు. ఇన్ని రోజుల కరువు తీరింది నాకు.

అప్పుడే రైలుబండి అటుగా వచ్చాడు. ఆగాల్సిన చోటు అనుకున్నాడేమో, ఆగాడు. కోడలు కంగారుగా లేవబోతే వద్దని సైగ చేశాడు. ఏదో అడిగాడు, అది ఏదో చెప్పింది. ఆయన తల ఊపి, ఇంకో రెండు మాటలు చెప్పి వెళ్లిపోయాడు. ఫోను లేదు కాబట్టి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమన్నాడే? రావద్దన్నాడా?"

అది తల అడ్డంగా ఊపింది. కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. "రేపు మామూలుగా రమ్మన్నారు. శిక్షణలో చేర్చుకునేవాళ్లు నా గురించి ఆయన్ని అడుగుతారట కదా. 'ఇన్నాళ్లు మీరు చూడ్డమే చూశాను, ఈ పొద్దున డాక్టర్ని చూశాను, అదే చెబుతాను' అన్నారు."

 దాని తల నిమురుదామంటే చేతికి సూది, ప్లాస్టరు. కాలు మాత్రం దాని ఒళ్లోనే ఉంది. అది వేలు తీసి, పడిన గుంటను చూస్తూ కూర్చుంది. గుంట నింపాదిగా పూడుతోంది. పూడినంతసేపూ ఇద్దరం దాన్నే చూశాం.

"ఈ కాలు ఒక్కటే చూశావు. రెండోది ఏం పాపం చేసిందే?" అన్నాను.

అది ముక్కు ఎగబీల్చి, రెండో మేజోడు లాగి, ఆ కాలు కూడా ఒళ్లో పెట్టుకుని బొటనవేలు ఆనించింది. చూడాల్సింది చూడ్డం అయిపోయాక కూడా వేలు తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.